నోరు బయమ్మది

బుక్కరాయసముద్రం బస్టాపు దగ్గర ఉగ్గాని బజ్జీ అమ్మే బయమ్మ, రోజూ పొయ్యి వెలిగించే ముందు, పొట్లాలకని తెచ్చుకున్న పాత పేపర్లను ఒక్కొక్కటే తిరగేస్తుంది. శ్రద్ధాంజలి ప్రకటనలున్న పేజీలు తీసి పక్కన పెడుతుంది. ఎవరైనా కానీ, పోయినవాళ్ల మొహం మీద బజ్జీ నూనె పడకూడదని ఆమె పట్టు. పెళ్లి ఫోటోలకూ ఎన్నికల ఫోటోలకూ ఈ మర్యాద లేదు. "వాళ్లు బతికే ఉండారు కదా, తుడుసుకుంటార్లే" అంటుంది. ఐదో తరగతి దాకా చదివింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది, కానీ ఒక్క అక్షరం వదలదు.

ఆమె దగ్గరికి ఉగ్గాని కోసం వచ్చేవాళ్లున్నారు, ఒక మాట కోసం వచ్చేవాళ్లున్నారు. ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు. దాన్ని ఆమెకు ఎట్లా అంటగట్టారో, ఆ తర్వాత అందుకు క్షమాపణ లాంటిదేదో ఎట్లా చెప్పారో ఇక్కడ రాస్తున్నాను.

బయమ్మ పుట్టింది గార్లదిన్నెకు కొంచెం దూరంలో ఒక చిన్న పల్లెలో. నాయన సుబ్బన్న గొర్రెలు మేపేవాడు. మేనమామ కొడుకు పుల్లన్నతో అదే ఊళ్లో పెళ్లయింది. మొగుడూ పెళ్లాలిద్దరూ కూలికి పోయేవాళ్లు. ఇరవై మూడేళ్ల కిందట ఆ ఊరికి హైదరాబాదు నుంచి టీవీ సీరియల్ వాళ్లు వచ్చారు. సీరియల్ పేరు 'ఎర్రమట్టి కోట'. రెండు కుటుంబాలు, వాటి మధ్య పగ, వారానికి ఇద్దరు చొప్పున చావడం. కథ అంతే. దానికి వాళ్లకు ఎండిపోయిన నేల కావలసి వచ్చింది. నోళ్లు తెరిచిన చేను, మోడు చెట్టు, ఖాళీ బిందెలు. సీమ అంటే ఇదని హైదరాబాదులోనే తేల్చుకుని, చూపించడానికి మాత్రమే ఇక్కడికి వచ్చారు.

వాళ్ల ఖర్మకు ఆ ఏడు ఆ పల్లెలో వాన పడింది. శెనక్కాయ చేలు మోకాలెత్తు పచ్చగా ఉన్నాయి. గట్ల మీద గరిక. కారు దిగిన మేనేజరు ఆ పచ్చదనాన్ని చూసి తల పట్టుకున్నాడట. చివరికి ఒక బీడు పొలం మాట్లాడుకుని, కూలోళ్లను పెట్టి, మొలిచిన గడ్డినంతా వేళ్లతో సహా పెరికించారు. పైమట్టి తిరగేయించారు. రెండు రోజుల్లో కరువు తయారైంది. దేవుడు ఇచ్చింది చాలక మనిషి చేతితో కరువు తయారు చేయించడం ఆ ఊళ్లో అదే మొదలు. ఆ కూలికి పోయినవాళ్లలో బయమ్మ ఉంది.

రెండో రోజు డైరెక్టరు గొడుగు కింద నిలబడి చూస్తుంటే, ఆమె గరిక దుబ్బు ఒకటి చేత్తో పట్టుకుని అతని ముందుకు పోయింది.

"ఏమప్పా, పదేండ్లకొగసారి పచ్చగయితాది ఈ నేల. దాన్ని గూడా పెరకమంటారే. ఎండినేదే కావల్లంటే పోయినేడు రాకూడదా మీరు? కావల్సినంత సూపిస్తుంటిమి."

డైరెక్టరు నవ్వాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఆమె అన్నదానిలో ఒక ప్రశ్న ఉంది, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. మాట తీరు వినడానికి తమాషాగా ఉందని నవ్వారు. మర్నాడు ఆమెను గడ్డి పెరికే పని మానిపించి, గంగి వేషం ఇచ్చారు.

గంగి పెద్దింటి పనిమనిషి. బెల్లం దొంగిలిస్తుంది. వాన పడ్డ రోజే స్నానం చేస్తుంది. ఎవరైనా గట్టిగా తుమ్మితే కొడవలి తీస్తుంది. నూట నలభై భాగాల్లో ఆమె ఇంతకు మించి ఏమీ చేయదు. ఇది రాసినాయన ఎప్పుడైనా ఒక బిందె నీళ్లతో ఇంటిల్లిపాదికీ స్నానాలు చేయించిన మనిషిని చూశాడో లేదో తెలియదు. చూసి ఉంటే ఆ మనిషి ముందు తను ఎంత చిన్నగా కనిపిస్తాడో తెలిసేది. బయమ్మకు మాత్రం ఆ వేషం పెద్దగా తప్పనిపించలేదు. "నాటకంలో రాచ్చసి వేసమేస్తే రాచ్చసి అయిపోతామా పాపా" అంది నాతో. "బెల్లం దొంగతనం సేసేది గంగి. నేను కాదు కదా."

ఆమెకు తగిలిన దెబ్బ వేరే. పెద్దింటికి ఆపద వచ్చినప్పుడల్లా గంగి కొడవలి పట్టుకుని వాకిట్లోకి వచ్చి ఒక మాట అనాలి. కాగితంలో "నేనున్నాను కదా" అని ఉంది. "నీ భాషలో చెప్పు" అన్నాడు డైరెక్టరు. ఆమె తన భాషలో "నేనుండా కదా" అంది. ఒక్క టేకులో అయిపోయింది.

సీరియల్‌కు గొంతులు తర్వాత హైదరాబాదులో అతికిస్తారు. దానికి బయమ్మను పిలవలేదు. ఆమె మాట సీమ మాటలాగా లేదన్నారట. ఈ సంగతి ఆమెకు చాన్నాళ్ల తర్వాత మేకప్ వేసే మనిషి చెప్పాడు. గార్లదిన్నె పక్కన పుట్టి, అక్కడే పెరిగి, గుత్తి దాటి ఎరగని మనిషి మాట సీమ మాటలాగా లేదు. సీమ మాటలాగా మాట్లాడటానికి ఇంకెవరో ఒకామెను తెచ్చారు. ఆమెకు తెలిసిన సీమ భాష ఏమంటే గట్టిగా అరవడం, ఎక్కడ పడితే అక్కడ ఒక 'అప్పా' వేయడం, ఏ వాక్యం చివరనైనా 'ఉండాది' తగిలించడం. అట్లా తయారైంది "నేనుండాది" అనే మాట.

ఉండాది అనేది ఆయమ్మకో, ఆవుకో, చెంబుకో వాడతాం. నేనైతే ఉండా. నువ్వైతే ఉండావు. మా దగ్గర పాలపళ్లు ఊడని పిల్లలు కూడా ఇందులో తప్పు పోరు. ఎం.ఏ.లో క్రియాపదాల మీద ఒక పేపరంతా రాసిన నాకు, ఒక మొత్తం ప్రాంతాన్ని అది చేయని తప్పుతో గుర్తుపట్టించడం అంత తేలికని ఏ పుస్తకమూ చెప్పలేదు.

సీరియల్ మొదటిసారి వచ్చిన రోజు ఊళ్లో టీవీ ఉన్న రామదాసు ఇంటి ముందు అందరూ కూర్చున్నారు. సుబ్బన్న గడప మీద కూర్చున్నాడు. తెర మీద బయమ్మ నోరు తెరిచింది. అందులోంచి ఇంకెవరి గొంతో వచ్చింది.

"టీవీ సెడిపోయిందనుకుంటి పాపా" అని ఆమె ఆ రోజు గురించి చెప్పింది. "రామదాసన్న లేసి ఏరియల్ గూడా తిప్పినాడు."

నెల తిరక్కుండా ఆమె పేరు పోయింది. బస్సు కండక్టరు "నేనుండాది ఎక్కిందా, రైట్ రైట్" అనేవాడు. రేషన్ షాపులో "నేనుండాదికి చక్కెర పొయ్యప్పా" అనేవాళ్లు. సంతలో ముక్కూ మొహం తెలియనివాళ్లు వెనక నుంచి అరిచేవాళ్లు. ఆ గొంతు నాది కాదు, నేనట్ల అనలేదు అని ఆమె చెప్పేది. దానికి అందరి దగ్గరా ఒకటే జవాబు.

"నోరు నీదే కదమ్మే ఆడుతాండాది."

నవ్విన వాళ్లంతా హైదరాబాదువాళ్లు కారు. ఈ మాట రాయకపోతే అబద్ధం రాసినట్లవుతుంది. ఇంట్లో "నేనుండా" అనే మనుషులే వీధిలోకి వచ్చి "నేనుండాది" అని నవ్వారు. తర్వాత తర్వాత కుర్రవాళ్లు అది మన మాటేననుకున్నారు. ఆటోల వెనక రాయించుకున్నారు. మా భాష ఎట్లా ఉంటుందో మాకు ఎవరో నేర్పితే, నేర్చుకుని, పైగా దానికి గర్వపడ్డాం. ఇంత తెలివైన జాతిని ఎగతాళి చేయడానికి బయటివాళ్లు అంత ఖర్చు పెట్టనక్కర్లేదు.

సుబ్బన్న నవ్వలేదు. కూతురు వేషం కట్టినందుకూ కోప్పడలేదు. అతనికి ఒక్కటే అనుమానం పట్టుకుంది.

"యా ఊరి మాట నేర్సుకొంటివి మే? మన గొర్రె గూడా అట్ల అనదే."

"అది నా గొంతు కాదు నాయనా."

"నీ నోరు నాకు తెల్దా?"

ఆమె ఎన్నిసార్లు చెప్పినా, అతను తెర మీద కదిలే పెదవులను చూసేవాడు, తర్వాత ఎదురుగా ఉన్న కూతురి పెదవులను చూసేవాడు. హైదరాబాదు వాళ్లు ఏదో ఇస్తే కూతురు నోరు మార్చుకుందని నమ్మాడు. ఆ తర్వాత రెండేళ్లకు అట్లా నమ్ముతూనే పోయాడు. చివరి వారం కూడా అడిగాడట. బయమ్మకు ఈ లోకంతో ఉన్న తగువు ఇదొక్కటే. బెల్లం, స్నానం, కొడవలి ఎవరికి కావాలంటే వాళ్లు ఉంచుకోవచ్చు. ఆ గొంతు ఆమెది కాదని ఎక్కడో ఒక చోట, నలుగురూ చూసే చోట, రాసి ఉండాలి.

కాలం గడిచింది. సీరియల్ వేసిన ఛానెల్ మూతపడింది. పుల్లన్న జబ్బు చేసి పోయాడు. కొడుకు వీరేష్ ఆటో కొనుక్కుని బుక్కరాయసముద్రంలో కాపురం పెడితే బయమ్మ వెంట వచ్చింది. పన్నెండేళ్ల కిందట బస్టాపు దగ్గర బడ్డీ పెట్టింది. బొరుగులు, అదే మరమరాలు, నానబెట్టి, నీళ్లు పిండేసి, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, పప్పుల పొడి వేసి ఆమె కలిపే ఉగ్గానికి ఏడు గంటలకల్లా జనం నిలబడతారు. ఇక్కడ ఆమె పేరు బయమ్మ. చాలామందికి ఆమె గతం తెలియదు. తెలిసినవాళ్లు మరచిపోతున్నారు. అంతా సర్దుకుంటున్న సమయంలో, పోయిన ఏడు, ఆ ఛానెల్ పాత సరుకునంతా ఒక యాప్ కంపెనీ కొని, 'ఎర్రమట్టి కోట'ను ఫోన్లలోకి తెచ్చింది. ముందు ఒక హెచ్చరిక తగిలించింది.

కోడలు సునంద దాన్ని బడ్డీ దగ్గరే చూసింది. నేను అప్పుడు అక్కడే పొట్లం కోసం నిలబడి ఉన్నాను. రోజూ నిలబడతాను. ఎవరితో పెద్దగా మాట్లాడను కాబట్టి నా ముందు అందరూ మాట్లాడతారు.

"అత్తా, నీ సీరియల్ వస్తాండాది సూడు. ముందర ఏందో రాసినారు."

బయమ్మ చెయ్యి తుడుచుకుని ఫోను అందుకుంది. ఎనిమిది సెకన్లు ఉండే ఆ అక్షరాలను ఆమె చదివే లోపల అవి పోయేవి. సునంద మళ్లీ మళ్లీ వెనక్కి జరిపి పెట్టింది. ఆరోసారికి పూర్తయింది. అందులో ఇట్లా ఉంది: "హెచ్చరిక. ఈ కార్యక్రమంలో మూస చిత్రణలు, ప్రాంతీయ యాస, మొరటు ప్రవర్తన ఉన్నాయి. ఇవి ఆనాటి కాలానికి సంబంధించినవి. వీక్షకుల విచక్షణ అవసరం."

"యాస అంటే మన మాటే కదా పాపా?" అని నన్నడిగింది.

"అవునత్తా."

"మన మాట ఉండాదని జాగర్త సెప్తాండారా?"

ఆమె ఫోను సునందకు తిరిగి ఇచ్చేసింది.

"బీడీకట్ట మీద రాసినట్ల రాసినారు సూడు" అంది ఆమె. "బయమ్మ నోరు తెరిస్తే సూసేటోళ్లకు పుండు పడతాదా?"

బజ్జీలు తింటున్న ఇద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆ నాలుగు వాక్యాలను తర్వాత చాలాసార్లు చదివాను. ఒక్క మంచి తెలుగు పుస్తకం కూడా చదవని మనిషెవరో, ఎక్కడిదో ఒక కాగితాన్ని ముందు పెట్టుకుని రాసిన తెలుగు అది. దొంగతనం అంటగట్టడం, మురికి అంటగట్టడం, భాషను ఖూనీ చేయడం, ఇవి తప్పులు. యాస తప్పు కాదు. కానీ హెచ్చరిక రాసినవాళ్లు ఇల్లు దోచినవాడినీ ఇంటివాడినీ ఒకే వరుసలో నిలబెట్టి ఇద్దరితోనూ జాగ్రత్తగా ఉండమన్నారు. పైగా తప్పు చేసింది కాలమట. కాలం కూర్చుని నూట నలభై భాగాలు రాయలేదు. రాసినాయన పేరు ఇప్పటికీ పెద్ద అక్షరాల్లో వస్తుంది. డైరెక్టరు పేరు ఇంకా పెద్ద అక్షరాల్లో వస్తుంది. గంగి గొంతు ఎవరిదో మాత్రం అప్పుడూ వేయలేదు, ఇప్పుడూ వేయలేదు. ఎనిమిది సెకన్ల పశ్చాత్తాపం అయ్యాక ముప్పై సెకన్లు స్నానం సబ్బు ప్రకటన వస్తుంది. ఆ తర్వాత గంగి స్నానం చేయని సంగతి మీద మొదటి జోకు వస్తుంది.

బయమ్మకు మాత్రం ఆ హెచ్చరికలో ఒక దారి కనిపించింది. అంత రాసినవాళ్లు ఇంకో మాట రాయలేరా అని.

"నువ్వు సదువుకున్నావు కదా పాపా, వాళ్లకొగ జాబు రాయి. నేను సెప్తా."

ఆమె చెప్పినట్లే రాసి కంపెనీకి మెయిల్ పంపాను. ఒక్క మాట మార్చలేదు. "ఈ నోరు నాది. గొంతు నాది కాదు. నేనుండాది అని నేను అనలేదు. మా పక్క ఎవరూ అనరు. మీరు రాసిన హెచ్చరిక కింద ఈ సంగతి రాయండి. ఇట్లు బయమ్మ, గంగి వేషం కట్టిన ఆమె."

పంతొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, మేము వైవిధ్యాన్ని గౌరవిస్తాము అని. ఆమెకు చదివి వినిపించాను.

"వైవిధ్యమా? ఆయప్ప ఎవరు?"

"మనిషి కాదత్తా. రకరకాలుగా ఉండేదాన్ని అట్లంటారు."

"ఓ. నేనింగా ఆడ పెద్ద ఆఫీసరేమో అనుకుంటి. ఆయప్పను గౌరవిస్తామంటే, ఆయప్పనే పట్టుకుందామనుకుంటి."

ఇంకో జాబు రాయించింది. దానికి జవాబు రాలేదు, ఫోను వచ్చింది. మల్లికార్జున అనే కుర్రవాడు. కంపెనీలో అందరూ మల్లిక్ అంటారట, మమ్మల్నీ అట్లాగే పిలవమన్నాడు. సొంతూరు కదిరి. "నేనుగూడా మన జిల్లానే అత్తా" అన్నాడు. పుట్టపర్తి జిల్లా కేంద్రమయ్యాక కదిరి ఈ జిల్లాలో లేదని సునంద పక్క నుంచి సణిగింది. బయమ్మ ఊరుకోమంది. అంత దూరం నుంచి మన మాటలో మాట్లాడినందుకే ఆమెకు సంతోషమైంది. 'ఆనాటి గంగి ఈనాడు' అని చిన్న వీడియో తీసి సీరియల్ పక్కనే పెడతామని, ఆమె చెప్పదలచుకున్నది అందులో చెప్పవచ్చని అన్నాడు.

"నా మాట ఏస్తారా?"

"నీ నోటి మాటే ఏస్తామత్తా. ఇంగెవరి గొంతూ ఉండదు. అమ్మ తోడు."

ఒక మంగళవారం పొద్దున కెమెరా మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. మాతో మాట్లాడేటప్పుడు ఉండాది, పోతాండా అన్నాడు. ఆఫీసు నుంచి ఫోను వస్తే పక్కకు పోయి ఉంది, వెళ్తున్నా అన్నాడు. చొక్కా మార్చుకున్నంత సులువుగా మార్చాడు. బయమ్మ మంచి చీర కట్టుకుంది. మధ్యాహ్నానికి కలపాల్సిన ఉగ్గాని ముందే కలిపి పెట్టుకుంది. ఆ రోజు గిరాకీని సునంద ఆపింది.

"ముందర ఒగసారి ఆ డైలాగు సెప్పత్తా. జనాలు గుర్తుపట్టల్ల కదా."

"అది నాది కాదప్పా. ఆ సంగతి సెప్పేదానికే కదా పిలిసింది."

"సెప్పు, దాని ఎనకాల నీ సంగతి సెప్పు."

"నేను సెప్పను."

అతను ఒత్తిడి చేయలేదు. ఉగ్గాని ఇంకోసారి కలిపించి తీశాడు, మిరపకాయలు కోయడం తీశాడు, ఆమె పేపర్లు తిరగేయడం తీశాడు. కాసేపాగి మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ కాదంది. మూడోసారి వేరే విధంగా అడిగాడు.

"సరేలే అత్తా. నీ సంగతే సెప్పు. సూసేటోళ్లు విజయవాడలో ఉంటారు, హైదరాబాదులో ఉంటారు. దాంట్లో తప్పేముందో వాళ్లకేం తెలుస్తాది? తప్పు యాడుండాదో నువ్వే ఇడమరిసి సెప్పు."

న్యాయమైన ప్రశ్న. ఇన్నేళ్లుగా ఆమెను ఎవరూ అడగని ప్రశ్న. ఆమె కొంగు సర్దుకుని, కెమెరా వైపు తిరిగి, బడిలో ఎక్కం చెప్పినట్లు చెప్పింది.

"సూడండప్పా. నేనుండా. నువ్వుండావు. వాడుండాడు. ఆయమ్మ ఉండాది. ఇదీ మా మాట. నేనుండాది. ఇట్ల యా తల్లి కన్న బిడ్డ అంటాది? నేనుండాది అంటే, నేనేమన్నా చెంబునా, సాపనా? నన్ను నేను ఆయమ్మ అనుకుంటానా? నేనుండాది అని టీవీలో సెప్పింది ఇంగెవరో. మా నాయన సుబ్బన్న. నేనే అన్నానని అనుకొనే పోయినాడు ఆయన. నేను అనలేదు నాయనా."

అక్కడ ఆగింది. సునంద మొహం అటు తిప్పుకుంది. ముందూ వెనకా కలిపి పద్నాలుగు నిమిషాలు మాట్లాడింది బయమ్మ. నేను పక్కనే ఉన్నాను. క్రియాపదాల పురుష భేదాన్ని అంత శుభ్రంగా చెప్పినవాళ్లను నేను తరగతిలో చూడలేదు. ఆ సంతోషంలో, ఆమె ఆ మాటను తన నోటితో మూడుసార్లు పలికిందన్న సంగతి నాకు తట్టలేదు. తట్టవలసింది నాకే. వాక్యాన్ని ఎక్కడ విరిస్తే అర్థం ఎట్లా మారుతుందో చదువుకున్నది అక్కడ నేనొక్కదాన్నే.

మల్లికార్జున రెండు ప్లేట్లు ఉగ్గాని తిని, చాలా బాగుందని చెప్పి, ఆమె కాళ్లకు మొక్కి పోయాడు.

పది రోజులకు వీడియో వచ్చింది. నలభై సెకన్లు. పేరు 'గంగి మళ్లీ వచ్చేసింది'. నూనెలో బజ్జీలు, ఎగిరే బొరుగులు, డప్పు సంగీతం. తర్వాత బయమ్మ మొహం. "నేనుండాది." మొహం ఇంకా దగ్గరగా. "నేనుండాది." ఇంకా దగ్గరగా, మూడోసారి. ఎవరివో నవ్వులు కలిపారు. అయిపోయింది. ఎక్కం లేదు, చెంబు లేదు, సాప లేదు, సుబ్బన్న లేడు. ఇది పాత కార్యక్రమం కాదు కాబట్టి ముందు హెచ్చరిక కూడా లేదు.

నేను మల్లికార్జునకు ఫోను చేసి బయమ్మకు ఇచ్చాను.

"అత్తా, ఎడిటింగ్ నా సేతుల్లో ఉండదు. నేను అంతా ఇచ్చినా. పైవాళ్లు పొడుగయిందన్నారు."

"ఏమని ప్రమాణం సేసినావప్పా నువ్వు?"

"నీ గొంతే ఏసినాం కదత్తా. ఇంగెవరితోనైనా సెప్పించినామా?"

బయమ్మ రోడ్డు మీద తాడిపత్రి బస్సు పోయే దాకా ఆగింది.

"లేదులే నాయనా. నువ్వన్నది నిజమే. నా గొంతే" అని ఫోను నాకిచ్చేసింది.

తర్వాత నా వైపు తిరిగి మామూలుగానే అంది: "ఆ పొద్దు నోరొకటే నాదుండె పాపా. గొంతు నాది కాదని ఎవరితోనైనా కొట్లాడొచ్చు. ఇంగ ఇప్పుడేమని సెప్పేది?"

నేను నాలుగు మెయిళ్లు రాశాను. వీడియో తీసేయమని, లేకపోతే పద్నాలుగు నిమిషాలూ పెట్టమని. మూడింటికి జవాబు లేదు. నాలుగోదానికి ఉంది. వీడియోకు ఆదరణ బాగుంది కాబట్టి తీయడం కుదరదట. అభ్యంతరం ఉంటే దాని ముందు కూడా ప్రాంతీయ యాస హెచ్చరిక పెట్టడానికి సిద్ధంగా ఉన్నారట. ఈ జవాబు రాసిన మనిషికి చదువు ఉంది, ఉద్యోగం ఉంది, ఎండ తగలని కుర్చీ ఉంది. సిగ్గు ఒక్కటే ఎక్కడా దొరికినట్లు లేదు. అది నేను బయమ్మకు చదివి వినిపించలేదు. జవాబు వచ్చిందా అని ఆమె అడగలేదు కూడా.

ఆ తర్వాత అనంతపురం నుంచి బండ్ల మీద జనం రావడం మొదలైంది. కాలేజీ పిల్లలు, కొత్తగా పెళ్లయినవాళ్లు, ఒకసారి ఒక తెలుగు మాస్టారు. ఫోను ఎత్తి పట్టుకుని, "అవ్వా, ఒక్కసారి సెప్పవా" అంటారు. మొదట్లో ఆమె ఎక్కం చెప్పి చూసింది. "నేనుండా, నువ్వుండావు" అని మొదలుపెడితే, "అది కాదవ్వా, ఒరిజినల్ సెప్పు" అన్నారు. మాస్టారూ అదే అన్నాడు. కొందరు ఆమె కసురుతుంటే అదీ వీడియో తీసుకున్నారు. ఆమె ఏమన్నా వాళ్లకు పనికొస్తుంది. ఒక రోజు ఎవరికో నీళ్లు ఇస్తూ "ఇంగో చెంబు ఉండాది తీసుకోప్పా" అంది. అది సరైన వాడుకే. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ మర్నాడు బయమ్మ స్టూలును పొయ్యి వెనక్కి, రోడ్డుకు వీపు ఉండేటట్లు జరుపుకుంది.

ఆమెకు ఇప్పుడు అరవై ఒకటి. ఉగ్గాని ఆమే కలుపుతుంది, బజ్జీలు ఆమే వేస్తుంది. బడ్డీకి వచ్చినవాళ్లతో మాట్లాడేది సునంద.